ది హార్ట్ ప్రిన్సిపుల్: ఒక ప్రణయ నవలాత్రయపు ముగింపు

'ది హార్ట్ ప్రిన్సిపుల్' వియత్నామీ మూలాలున్న అమెరికన్ రచయిత్రి హెలెన్ హోవాంగ్ ఆంగ్లంలో రాసిన సమకాలీన ప్రణయ నవల. 'ది కిస్ కోషెంట్' (2018), 'ది బ్రైడ్ టెస్ట్' (2019) తరువాత వచ్చిన ఈ నవల ఆ వరుసలో మూడవది, చివరిది. పెంగ్విన్ రాండమ్ హౌస్ సంస్థకు చెందిన బర్క్‌లీ ప్రచురణ విభాగం దీనిని 2021 ఆగస్టు 31న వెలువరించింది. వేదికపై వాయించలేని స్థితికి చేరిన ఒక వయొలిన్ కళాకారిణి, క్యాన్సర్ నుంచి కోలుకుని తన దేహం మీద నమ్మకం కోల్పోయిన ఒక యువకుడు ఇందులో నాయికానాయకులు. ప్రేమకథగా మొదలయ్యే ఈ నవల, నడివయసు చేరని ఒక స్త్రీ తనకు ఆటిజం ఉన్నదని తెలుసుకోవడం, మంచాన పడిన తండ్రికి ఇంట్లోనే సేవ చేయడం, ఆ సేవలో తానే కుప్పకూలిపోవడం అనే మూడు బరువైన విషయాలను ప్రణయ సాహిత్యపు చట్రంలోకి తెచ్చింది. ప్రేమ మనిషిని బాగుచేసే మందు కాదనీ, మనిషిని ఉన్నది ఉన్నట్లుగా చూడగలిగే చూపు అనీ ఈ నవలాత్రయం మొదటి నుంచీ చెబుతూ వచ్చిన మాటను అత్యంత కఠినమైన పరీక్షకు నిలబెట్టిన సంపుటంగా దీనికి ప్రత్యేక స్థానం ఉంది.

ప్రణయ నవలా పరంపర, చివరి సంపుటం

ఆంగ్ల ప్రచురణ రంగంలో 'రొమాన్స్' అనే పేరుతో వ్యవహరించే ప్రణయ నవలకు రెండు లక్షణాలు తప్పనిసరి అని ఆ రంగంలోని రచయితలు, పాఠకులు స్థూలంగా అంగీకరిస్తారు. కథకు కేంద్రం ప్రేమకథే అయి ఉండాలి. ముగింపు ఆశాజనకంగా, పాఠకుల మనసుకు తృప్తి కలిగించేదిగా ఉండాలి. గతకాలపు రాజాస్థానాలలోనో కల్పిత లోకాలలోనో కాక, రచయిత జీవిస్తున్న కాలంలోనే నడిచే కథలను సమకాలీన ప్రణయ నవలలంటారు. ఇంగ్లండులో 1908లో ఏర్పడిన మిల్స్ అండ్ బూన్, కెనడాలో 1949లో ఏర్పడిన హార్లెక్విన్ సంస్థలు ఈ సాహిత్యాన్ని చౌక ధరల పుస్తకాలుగా దేశదేశాలకు చేర్చగా, తరువాతి కాలంలో పెద్ద ప్రచురణ సంస్థలన్నీ దీనిని తమ ప్రధాన శాఖలలో ఒకటిగా చేసుకున్నాయి.

ఈ నవలలు వరుసలుగా వెలువడే పద్ధతి రెండు విధాలుగా కనిపిస్తుంది. మొదటి విధంలో ఒకే జంట కథ అనేక సంపుటాలలో కొనసాగుతుంది. జెన్నీ హాన్ కిశోర వయస్కుల కోసం రాసిన లారా జీన్ నవలాత్రయం (2014–2017) ఇందుకు ఉదాహరణ. రెండవ విధంలో ఒక కుటుంబమో స్నేహితుల బృందమో ఉమ్మడి నేపథ్యంగా ఉండి, ప్రతి సంపుటంలోనూ అందులో ఒకరి ప్రేమకథ మొదలై ముగుస్తుంది. పెళ్ళిళ్ళ ఏర్పాట్లు చేసే నలుగురు స్నేహితురాళ్ళ గురించి నోరా రాబర్ట్స్ రాసిన 'బ్రైడ్ క్వార్టెట్' (2009–2010) ఈ కోవకు చెందినది. ఈ రెండవ విధంలో సుఖాంతం అనే నియమం ప్రతి సంపుటంలోనూ నెరవేరుతూనే ఉంటుంది కనుక, చివరి నవలకు కథాపరంగా ముడులు విప్పే పని తక్కువగానూ, భావపరంగా లెక్క తేల్చే పని ఎక్కువగానూ ఉంటుంది. అప్పటిదాకా పక్కపాత్రగా నిలిచి ఇతరుల ప్రేమలకు సాయపడిన వ్యక్తి చివరికి కేంద్రంలోకి వస్తాడు. పాఠకులు ఆ వ్యక్తి కోసం సంవత్సరాల తరబడి ఎదురుచూసి ఉంటారు. పాత జంటలు ఎలా ఉన్నాయో చూపాలి, పాత సూత్రాన్ని మళ్ళీ అలాగే వాడకూడదు, వరుస మొత్తం దేని గురించి అన్న ప్రశ్నకు సమాధానం దొరకాలి. 'ది హార్ట్ ప్రిన్సిపుల్' ఈ బాధ్యతలలో చివరిదానిని తక్కిన వాటికంటే ముందుంచిన నవల.

రచయిత్రి

హెలెన్ హోవాంగ్ తల్లి యుద్ధానంతరం వియత్నాం వదిలి అమెరికాకు శరణార్థిగా వచ్చిన స్త్రీ. పెద్దయిన తరువాత, 2016లో, హోవాంగ్‌కు ఆటిజం ఉన్నట్లు నిర్ధారణ అయింది. తన కూతురి విషయంలో బడివారు వెలిబుచ్చిన అనుమానాన్ని అనుసరించి ఆమె ఆటిజం గురించి చదవడం మొదలుపెట్టి, ఆ పుస్తకాలలో వర్ణించిన లక్షణాలలో తన జీవితాన్నే గుర్తుపట్టారు. అదే కాలంలో ఆమె మనసులో నలుగుతున్న కథ ఒకటి ఉంది. 1990లో వచ్చిన 'ప్రెట్టీ ఉమన్' చలనచిత్రంలో ధనవంతుడు డబ్బిచ్చి ఒక స్త్రీ సాహచర్యాన్ని పొందినట్లుగా, ఒక స్త్రీ ఒక పురుషుడికి డబ్బిచ్చి పిలిపించుకుంటే ఎలా ఉంటుందన్నది ఆ కథ. సంపాదన, తెలివి, అందం అన్నీ ఉన్న స్త్రీకి అటువంటి అవసరం ఎందుకు కలుగుతుందన్న చిక్కుప్రశ్నకు ఆటిజం గురించిన ఆ చదువులోనే జవాబు దొరికింది. అలా మొదటి నవల పుట్టింది.

మొదటి రెండు నవలలు

'ది కిస్ కోషెంట్' నాయిక, ఆటిజం ఉన్న స్టెల్లా లేన్ ముప్పై ఏళ్ళ అర్థగణిత శాస్త్రవేత్త. గణాంకాల సాయంతో మనుషుల కొనుగోలు అలవాట్లను అంచనా వేసే వృత్తి ఆమెది. అంకెల మధ్య హాయిగా ఉండే ఆమె మనుషుల స్పర్శకు బెదిరిపోతుంది. మనవలు కావాలన్న తల్లి ఒత్తిడికి తలొగ్గి, సాన్నిహిత్యం నేర్పమని మైకేల్ లార్సెన్ అనే యువకుడిని డబ్బిచ్చి కుదుర్చుకుంటుంది. తల్లి వియత్నామీ, తండ్రి స్వీడిష్ అయిన మైకేల్ బట్టలు కుట్టడంలో నేర్పరి; తల్లి క్యాన్సర్ చికిత్సకైన అప్పులు తీర్చడానికి రహస్యంగా ఈ పనిలోకి దిగినవాడు.

'ది బ్రైడ్ టెస్ట్' నాయకుడు, ఆటిజం ఉన్న ఖాయ్ డియెప్ మైకేల్‌కు బంధువు. ఆత్మీయుడైన సోదరవరుస యువకుడు ఆండీ ప్రమాదంలో మరణించినప్పుడు తనకు ఏడుపు రాలేదు కనుక, తన గుండెలో ప్రేమకూ దుఃఖానికీ చోటే లేదని నమ్మి ఖాయ్ మనుషులకు దూరంగా బతుకుతుంటాడు. కొడుకు ఒంటరిగా మిగిలిపోతాడని భయపడిన తల్లి, హో చి మిన్ నగరంలోని హోటలులో గదులు శుభ్రపరిచే ఎస్మే అనే యువతిని ఒక వేసవికి అమెరికా రప్పిస్తుంది. ఒక చిన్నపాపకు తల్లి అయిన ఎస్మే, ఎన్నడూ చూడని తన అమెరికన్ తండ్రి జాడ కూడా అక్కడ వెతుకుతుంది. ఈ రెండు కథలలోనూ వెనుక నిలబడి, తమ్ముడికి మనసు తెలియజెప్పేవాడూ మైకేల్‌కు అండగా ఉండేవాడూ ఒక్కడే: ఖాయ్ అన్న క్వాన్ డియెప్. ఒంటినిండా పచ్చబొట్లు, మోటారుసైకిలు, కఠినమైన వేషం, మెత్తని మనసు ఉన్న ఇతని కథే చివరి సంపుటానికి మిగిలింది.

కథ

చైనా మూలాలున్న అమెరికన్ కుటుంబంలో చిన్న కూతురైన ఆనా సన్ శాన్‌ఫ్రాన్సిస్కోలో వయొలిన్ కళాకారిణి. అనుకోకుండా ఆమె వయొలిన్ వాదనం అంతర్జాలంలో లక్షలమందికి చేరి ఒక్కసారిగా పేరు తెచ్చిపెడుతుంది. ఆ పేరుకు తగినట్లు వాయించాలన్న భయం ఆమెను పట్టుకుంటుంది. ఒక రచన సాధన చేయబోయి, చిన్న తప్పు దొర్లగానే మొదటికి వెళ్ళి, మళ్ళీ తప్పు దొర్లగానే మళ్ళీ మొదటికి వెళ్ళి, ఎంతకాలానికీ చివరి స్వరం చేరలేకపోతుంది. ఇదే సమయంలో, పెద్దలకు ఎంతగానో నచ్చిన ఆమె స్నేహితుడు జూలియన్, పెళ్ళికి ముందు ఇద్దరమూ ఇతరులతో సంబంధాలు పెట్టుకుని చూద్దామని ప్రతిపాదిస్తాడు. నొచ్చుకున్నా కాదనలేని ఆనా, తానూ ఒక్క రాత్రి పరిచయానికి సిద్ధపడి ఫోనులోని పరిచయ వేదిక ద్వారా క్వాన్‌ను కలుస్తుంది.

క్వాన్ వైపు కథ వేరు. వృషణ క్యాన్సర్‌కు శస్త్రచికిత్స చేయించుకుని కోలుకున్న అతడు, మైకేల్‌తో కలిసి నెలకొల్పిన పిల్లల దుస్తుల సంస్థను చక్కగా నడుపుతున్నా, మారిన తన దేహాన్ని మరొకరి ముందు నిలబెట్టడానికి సంకోచిస్తుంటాడు. ఇద్దరూ తమ తమ భయాల నుంచి తప్పించుకోవడానికి ఒక్క రాత్రి చాలనుకుంటారు. ఆ రాత్రి మాత్రం అనుకున్నట్లు జరగదు. పదేపదే విఫలమయ్యే ఆ ప్రయత్నాల మధ్య, ఏమీ జరగకపోయినా పక్కన కూర్చోగలిగే చనువు వారి మధ్య పెరుగుతుంది. ఆనా సాధన ఎందుకు ఆగిపోయిందో పరిశీలిస్తున్న మానసిక చికిత్సకురాలు, ఆమెకు ఆటిజం ఉండవచ్చునని సూచిస్తుంది. తమ్ముడి కారణంగా ఆ విషయం తెలిసిన క్వాన్ దానిని సహజంగా స్వీకరిస్తాడు. ఆనా అక్క ప్రిసిల్లా మాత్రం ఆ మాటను కొట్టిపారేస్తుంది.

అంతలో ఆనా తండ్రికి పక్షవాతం వస్తుంది. ఆయనను ఇంటికి తెచ్చి, గొట్టం ద్వారా ఆహారం అందిస్తూ, పక్క మారుస్తూ, రాత్రీ పగలూ వంతులవారీగా చూసుకోవాలని తల్లి, అక్క నిర్ణయిస్తారు. ఇంకా బతకాలన్న కోరిక తండ్రికి లేదని ఆనాకు అనిపిస్తుంది, కానీ ఆ మాట ఇంట్లో అనగలిగే స్థానం ఆమెకు లేదు. సేవ చేయడం ఆమెకు ఇష్టమే. ఇష్టం లేని మనిషికి బలవంతంగా చేస్తున్న సేవ అన్న అనుమానమే ఆమెను తినేస్తుంది. అలసట, అపరాధ భావన, అందరి మాటకూ తలూపే అలవాటు పేరుకుపోయి, ఇంటిల్లిపాదీ చుట్టపక్కాలూ చేరిన సభలో ఆమె సహనం తెగిపోతుంది. తండ్రి మరణానంతరం ఆమె మాట, పని, సంగీతం అన్నీ ఆగిపోయిన సుదీర్ఘమైన క్రుంగుబాటులోకి జారుకుంటుంది. ఆ కాలంలో క్వాన్ ఆమె వెంట ఉంటాడు. కోలుకోవడం నెమ్మదిగా, వెనక్కీ ముందుకూ నడుస్తూ జరుగుతుంది. ప్రణయ నవల కోరే సుఖాంతం ఆ కోలుకోవడం మీదనే నిలుస్తుంది.

నిర్మాణం, కథనం

తొలి రెండు నవలలను ప్రథమ పురుషలో, అంటే 'ఆమె', 'అతడు' అంటూ చెప్పిన రచయిత్రి, మూడవ నవలను ఉత్తమ పురుషలోకి మార్చి, ఆనా, క్వాన్ వంతులవారీగా 'నేను' అంటూ చెప్పుకునేటట్లు రాశారు. ఈ మార్పు వల్ల ఒక ముఖ్యమైన ప్రయోజనం సిద్ధించింది. ఆనా బయటికి ఎప్పుడూ నవ్వుతూ, సర్దుకుపోతూ కనిపించే మనిషి. ఆ నవ్వు వెనుక ఎంత లెక్క, ఎంత శ్రమ ఉన్నదో లోపలి గొంతు వినిపిస్తే తప్ప తెలియదు. ఎదుటివారి ముఖంలో ఏ భావం కదిలితే తాను ఏ భావం చూపాలో అనుక్షణం నిర్ణయించుకునే ఆమె ఆలోచనను పాఠకులు లోపలి నుంచి చూస్తారు కనుక, వైద్య నిర్ధారణ రాకముందే ఆమె అలసటకు కారణం వారికి అర్థమవుతుంది.

పూర్వం, మధ్య, అనంతరం అనే మూడు భాగాలుగా నవలను విభజించడం కూడా ఆలోచించి చేసినదే. మొదటి భాగం ప్రణయ హాస్యానికి దగ్గరగా నడుస్తుంది; రెండవ భాగంలో తండ్రి పడకగది కథా స్థలమవుతుంది; మూడవ భాగం దుఃఖానికీ కోలుకోవడానికీ చెందుతుంది. పరిచయం, ఆకర్షణ, అడ్డంకి, ఎడబాటు, కలయిక అనే సాధారణ ప్రణయ కథాక్రమంలో నాయకుడో నాయికో చేసిన పొరపాటు ఎడబాటుకు కారణమవుతుంది. ఇక్కడ అసలు సంకటం ప్రేమికుల మధ్య పుట్టలేదు. నాయికకూ ఆమె కుటుంబానికీ మధ్య, నాయికకూ ఆమె సొంత గొంతుకూ మధ్య పుట్టింది. అందువల్ల క్వాన్ ఎంత మంచివాడైనా ఆ సంకటాన్ని తాను పరిష్కరించలేడు. ప్రణయ నాయకుడికి ఇంత నిజాయితీగా పరిమితి విధించిన నవలలు ఈ శాఖలో తక్కువ.

ఆటిజం చిత్రణ

ఆటిజం అంటే మెదడు ఎదిగే తీరులో పుట్టుకతోనే ఉండే ఒక భేదం. సామాజిక సంకేతాలను గ్రహించడంలో, శబ్దం, వెలుగు, స్పర్శ వంటి ఇంద్రియానుభవాలను తట్టుకోవడంలో, ఒకే క్రమాన్ని కోరుకోవడంలో అది వ్యక్తమవుతుంది. అమెరికాలో లియో కానర్ 1943లో ప్రచురించిన వ్యాసంలో పదకొండు మంది పిల్లలను వర్ణించగా వారిలో ఎనిమిది మంది మగపిల్లలు. వియన్నాలో హాన్స్ ఆస్పెర్గర్ 1944లో వర్ణించిన నలుగురూ మగపిల్లలే. ఆ ఆరంభం నుంచీ ఆటిజాన్ని మగపిల్లల ప్రవర్తన ఆధారంగానే గుర్తించే అలవాటు వైద్యంలో స్థిరపడి, ఆడపిల్లలు అనేకులు గుర్తింపునకు నోచుకోకుండా పెద్దవారయ్యారు. అమెరికన్ మనోవైద్య సంఘం 2013లో వెలువరించిన నిర్ధారణ గ్రంథపు అయిదవ కూర్పు, ఆస్పెర్గర్ సిండ్రోమ్ వంటి విడివిడి పేర్లను తొలగించి, అన్నింటినీ ఆటిజం వర్ణపటం అనే ఒకే శీర్షిక కిందికి తెచ్చింది.

తోటివారిని గమనించి, వారి హావభావాలను అనుకరించి, తన సహజ ప్రవర్తనను దాచుకోవడాన్ని 'మాస్కింగ్' అంటారు. ఇది స్త్రీలలో ఎక్కువగా కనిపిస్తుందని పరిశోధకులు గమనించారు. ఇలా ఏళ్ళ తరబడి నటించడం వల్ల, మోయలేని బాధ్యతల వల్ల శక్తి పూర్తిగా ఇంకిపోయి, అంతకుముందు చేయగలిగిన పనులు కూడా చేయలేని స్థితి రావడాన్ని ఆటిజం ఉన్నవారు 'బర్న్‌అవుట్' అనే మాటతో వ్యవహరిస్తారు. ఆనా కథ ఈ రెండింటికీ సాహిత్యరూపం.

మూడు నవలలనూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు ఒక క్రమం స్పష్టపడుతుంది. స్టెల్లాకు తన స్థితి తెలుసు, ప్రేమించినవాడికి తెలియనివ్వకూడదని దాస్తుంది. ఖాయ్‌కు తన స్థితి తెలుసు, దాని అర్థాన్నే తప్పుగా తీసుకుని తనకు ప్రేమించే శక్తి లేదనుకుంటాడు. ఆనాకు ఆ సంగతే తెలియదు. తెలిసిన నాడు సొంతవారు నమ్మరు. దాచడం, అపార్థం చేసుకోవడం, కనుగొనడం అనే ఈ మూడు దశలలో చివరిదే అన్నిటికంటే మొదటిది కావలసినది. ఆ దశను చివరి సంపుటంలో ఉంచడం వల్ల, నవలాత్రయం మొత్తం ఒక మనిషి తనను తాను గుర్తుపట్టడం వైపు నడిచిన ప్రయాణమవుతుంది. ఆ గుర్తింపులో విషాదం లేదు. ఇన్నాళ్ళూ తనను తాను నిందించుకున్న లోపాలన్నింటికీ ఒక కారణం ఉన్నదన్న ఉపశమనం ఉంది.

కుటుంబ సేవ, కాదనలేనితనం

పెద్దల పట్ల భక్తి ఆసియా కుటుంబాలలో గొప్ప విలువ. హోవాంగ్ ఆ విలువను ఎక్కడా తక్కువ చేయలేదు. ఆనాకు తండ్రి మీద ప్రేమ ఉంది, తల్లి అక్కల శ్రమ మీద గౌరవమూ ఉంది. నవల ప్రశ్నించినది ఆ ప్రేమ పేరుతో రోగి ఇష్టాన్ని అడగకపోవడాన్ని, సేవ చేసేవారి అలసటను కృతఘ్నతగా ఎంచడాన్ని, చిన్న కూతురు నోరెత్తకూడదన్న ఇంటి కట్టడిని. ప్రిసిల్లాను కూడా రచయిత్రి దుష్టపాత్రగా మలచలేదు. తండ్రిని పోగొట్టుకోలేక పట్టుబట్టిన ఆమె మొండితనం కూడా ఒక విధమైన దుఃఖమే. క్యాన్సర్‌తో మరణించిన తన తల్లికి చేసిన సేవ, ఆ తరువాత తాను అనుభవించిన క్రుంగుబాటు ఈ నవలలోకి ప్రవేశించాయని హోవాంగ్ పుస్తకం చివరి మాటలో తెలిపారు. ఆ అధ్యాయాలలో కనిపించే సూక్ష్మ వివరాలకు, పక్క మార్చే వేళల లెక్కకు, నిద్ర లేని రాత్రుల మొద్దుబారిన తనానికి ఆ అనుభవమే ఆధారం.

కథ నడిచే శాన్‌ఫ్రాన్సిస్కో అఖాత ప్రాంతం తెలుగువారు పెద్ద సంఖ్యలో స్థిరపడిన చోటు. అక్కడి తెలుగు ఇళ్ళలోనూ, ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలోని ఇళ్ళలోనూ పక్షవాతం వచ్చిన పెద్దలను చూసుకునే భారం ఎక్కువగా కూతుళ్ళ మీద, కోడళ్ళ మీద పడుతుంది. వారి అలసటను గురించి మాట్లాడటాన్ని ఇప్పటికీ తప్పుగానే ఎంచుతారు. ఆనా పరిస్థితి తెలుగు పాఠకులకు పరాయిదిగా తోచకపోవడానికి ఇదే కారణం.

సాహిత్య స్థానం

'ది కిస్ కోషెంట్' సాధించిన విజయం, ఆటిజం ఉన్న నాయికానాయకులు ప్రణయ నవలకు తగరన్న అపోహను ప్రచురణ రంగంలో బాగా సడలించింది. 2021లోనే బ్రిటిష్ రచయిత్రి టాలియా హిబ్బర్ట్ తన బ్రౌన్ సోదరీమణుల నవలాత్రయాన్ని 'యాక్ట్ యువర్ ఏజ్, ఈవ్ బ్రౌన్'తో ముగించారు. అందులోనూ నాయికానాయకులకు ఆటిజం ప్రధాన విషయమే. అయితే ఆ ముగింపు ఉల్లాసభరితం. ఒకే సంవత్సరంలో వచ్చిన ఈ రెండు చివరి సంపుటాలూ ఒకే అనుభవానికి రెండు స్వరాలని, ఆటిజం ఉన్నవారి జీవితం ఒకే మూసలో ఒదగదని నిరూపిస్తాయి.

నవలకు పరిమితులు లేకపోలేదు. రెండవ సగంలో ప్రేమకథ వెనక్కి తగ్గి కుటుంబ కథ ముందుకు రావడం వల్ల, తేలికైన ప్రణయాన్ని ఆశించిన పాఠకులకు ఇది భారంగా తోస్తుంది. క్యాన్సర్ అనంతరం క్వాన్ పడిన సంఘర్షణకు మొదట్లో దక్కిన శ్రద్ధ, ఆనా దుఃఖం విస్తరించే కొద్దీ తగ్గుతుంది. అయినా ఈ అసమతౌల్యం రచయిత్రి ఎంచుకున్న సత్యం నుంచి పుట్టినదే. రోగమూ మరణమూ ఇంట్లోకి వచ్చినప్పుడు ప్రేమ మీద ధ్యాస నిలవదు, నిలవకపోయినా ప్రేమ పోదు అన్నది ఆ సత్యం.

ప్రణయ నవల సుఖాంతాన్ని ముందుగానే హామీ ఇస్తుంది కనుక అందులో నిజమైన కష్టానికి చోటు లేదన్న విమర్శ చాలాకాలంగా ఉంది. 'ది హార్ట్ ప్రిన్సిపుల్' ఆ విమర్శకు బలమైన సమాధానం. ముగింపులో ఆనాకు ఆటిజం ఉంటుంది, తండ్రి లేని లోటు ఉంటుంది, క్వాన్ దేహం మీద శస్త్రచికిత్స గుర్తు ఉంటుంది. మారినది ఒక్కటే: తనకు ఏది చేతనవుతుందో ఏది కాదో చెప్పగలిగే ధైర్యం ఆనాకు వచ్చింది, ఆ మాట విని వెళ్ళిపోకుండా నిలిచే మనిషి ఆమెకు దొరికాడు. మొదటి సంపుటంలో స్టెల్లా భయపడుతూ దాచిన విషయాన్ని చివరి సంపుటంలో ఆనా కోరి వెలికి తెచ్చుకోవడంతో ఈ వరుస సంపూర్ణమైంది. కష్టాన్ని తుడిచివేయకుండానే సుఖాంతాన్ని సంపాదించవచ్చునని చూపినందుకు సమకాలీన ప్రణయ సాహిత్య చరిత్రలో ఈ నవలకు గౌరవస్థానం దక్కుతుంది.